వేరు పళ్ళెం

గత రజబ్ మాసంలో ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకొని ఇంటికి చేరేసరికి అమెరికా నుండి మా తమ్ముని కుమార్తె ఫోను చేసింది. ఆ బిడ్డ టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరంలో పుట్టి పెరిగింది. ప్రస్తుతం అక్కడే ప్రజారోగ్య శాస్త్రంలో డిగ్రీ మూడవ సంవత్సరం చదువుతున్నది. పండుగలకు తప్ప మాట్లాడని అమ్మాయి వేళగాని వేళ ఫోను చేయడంతో తమ్ముని ఆరోగ్యానికి ఏమైనా అయిందేమోనని మేము కలవరపడ్డాము. ఆమె సలాము చెప్పి, "బడే అబ్బా, స్పానిష్ భాషలో 'ఓహలా' అనే మాట ఉంది. అది అరబ్బీ నుండి వచ్చిందంటున్నారు, నిజమేనా?" అని అడిగింది.

నిజమే. 711లో ముస్లిములు స్పెయిన్ గడ్డపై అడుగుపెట్టింది మొదలు 1492లో గ్రనాడా చేజారే వరకు దాదాపు ఎనిమిది శతాబ్దాల పాటు ఆ రెండు భాషలు ఇరుగుపొరుగుగా బ్రతికాయి. 'అల్లాహ్ తలిస్తే' అనే అర్థం గల అరబ్బీ పలుకు అక్కడివారి నోట నలిగి నలిగి 'ఓహలా' అయింది. అలా జరిగితే ఎంత బాగుండు అనుకున్నప్పుడల్లా వారు ఆ మాట అంటారు. పంచదారను వారు 'అసూకర్' అంటారు, అది అరబ్బీ 'అస్సుక్కర్'. తలగడను 'అల్మొఆదా' అంటారు, అది 'అల్‌మిఖద్దా'. నిఘంటువులు తిరగవేయడం మా బలహీనత. పావుగంట సేపు ఇవే చెప్పిన తర్వాత, ఇంతకూ ఈ ప్రశ్న ఎందుకు వచ్చిందని అడగడం గుర్తుకొచ్చింది.

ఆమె కొంత తటపటాయించింది. తాను ఒక పరిశోధన చేస్తున్నానని, అందుకోసం స్పానిష్ మాట్లాడే పెద్ద వయసు స్త్రీలతో కూర్చుని మాట్లాడుతున్నానని, వారి నోట పదేపదే ఈ 'ఓహలా' వినబడి మేము గుర్తుకొచ్చామని చెప్పింది. పరిశోధన దేనిమీద అని అడిగాము. "హెచ్.ఐ.వి. మీద, బడే అబ్బా. ఆ జబ్బు ఉన్నవారిని లాటినో సమాజంలో జనం ఎలా చూస్తారు, ఆ చూపు వల్ల వారికి ఏమవుతుంది అన్నది నా విషయం" అన్నది.

ఆ మాట విన్న మరుక్షణం మేము చేసిన పని ఒకటి ఇక్కడ రాయక తప్పదు. ఫోను స్పీకరు ఆపి చెవికి ఆనించుకున్నాము. వంటింట్లో మా ఇంటావిడ ఉన్నది, వరండాలో ఇద్దరు విద్యార్థులు ఉన్నారు. పెళ్ళి కావలసిన ఆడపిల్ల నోట ఆ వ్యాధి పేరు వింటే వారు ఏమనుకుంటారో అని తోచింది. ఆమె పరిశోధన ఏమిటో మాకు అప్పటికి సరిగా తెలియనే తెలియదు. అయినా దానికి కావలసిన సాక్ష్యం ఒకటి మేమే సమకూర్చిపెట్టాము.

తర్వాత రెండు నెలల పాటు ఆమె వారానికి ఒకసారి ఫోను చేసింది. ఆమె చెప్పినది, మేము అడిగి తెలుసుకున్నది పాఠకులకు విన్నవిస్తాము.

మెక్సికో, ప్యూర్టో రికో, క్యూబా, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా, కొలంబియా మొదలైన ప్రాంతాల మూలాలు గలవారిని అమెరికాలో లాటినోలు అంటారు. 2020 జనాభా లెక్కల ప్రకారం వారు 6 కోట్ల 21 లక్షల మంది, అంటే వందకు దాదాపు 19 మంది. కూలికి, చదువుకు, ప్రాణభయంతో వచ్చినవారు అందులో ఉన్నారు. తరతరాలుగా అక్కడే ఉన్నవారూ ఉన్నారు, ఎందుకంటే టెక్సాస్ 1836 వరకు మెక్సికోలో భాగం. మా అమ్మాయి తన కాగితంలో 'లాటిన్‌ఎక్స్' అని రాసింది. అరబ్బీలో వలెనే స్పానిష్‌లోనూ ప్రతి నామవాచకానికి స్త్రీ పురుష భేదం ఉంటుంది. ఆ భేదం లేకుండా అందరినీ కలుపుకొనేందుకు విశ్వవిద్యాలయాల్లో ఈ రూపం వాడుతున్నారు. అయితే 2020లో వెలువడిన ఒక ప్రసిద్ధ సర్వేలో తమను తాము అలా పిలుచుకుంటామన్నవారు నూటికి ముగ్గురే. ఆమె మాట్లాడిన ముసలమ్మలకైతే ఆ మాటకు నోరే తిరగదట. మేము లాటినోలు అనే రాస్తాము.

1981 జూన్ 5న లాస్ ఏంజెలెస్ నగరంలో అయిదుగురు యువకులకు సోకిన అంతుచిక్కని జబ్బు గురించి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పత్రికలో ఒక చిన్న నివేదిక వచ్చింది. లోకం ఈ వ్యాధిని గుర్తించినది అక్కడే. నాలుగు దశాబ్దాలు గడిచాక, 2022లో ఆ దేశంలో కొత్తగా దాదాపు 31,800 మందికి హెచ్.ఐ.వి. సోకినట్లు అంచనా వేశారు. వారిలో నూటికి 33 మంది లాటినోలు. జనాభాలో అయిదవ వంతుకు లోపు ఉన్నవారు కొత్త రోగులలో మూడవ వంతు అయ్యారు. దేశం మొత్తంమీద కొత్త కేసులు తగ్గుతున్నా వీరిలో తగ్గుదల కనబడలేదు. పైగా వ్యాధి ఉన్న లాటినోలలో సుమారు ఆరుగురికి ఒకరికి అది తమలో ఉన్న సంగతే తెలియదు.

ఎందుకిలా? వారి రక్తంలో ఏ లోపమూ లేదు. పేదరికం ఉంది, వైద్య బీమా లేకపోవడం ఉంది, భాష రాకపోవడం ఉంది. వీటన్నిటి గురించి మా అమ్మాయి అంకెలతో సహా చెప్పింది. కానీ ఆమెను పట్టి ఆపినది అంకెల్లోకి రానిది. పరీక్ష ఉచితం, మందు దొరుకుతుంది, అయినా మనిషి గడప దాటి వెళ్ళడు. ఆ గడప దగ్గర ఏముంది అన్నదే ఆమె ప్రశ్న.

ఒక భయం కాగితాలది. 1987 నుండి అమెరికా ప్రభుత్వం ఈ వ్యాధి ఉన్న పరదేశీయులకు ప్రవేశం నిరాకరించింది. శాశ్వత నివాసం కోరేవారికి జరిపే వైద్య పరీక్షలో దీని పరీక్ష కూడా ఉండేది. 2010 జనవరి 4న ఆ నిషేధం తొలగిపోయింది. కానీ ఇరవై మూడేళ్ళు మనుషుల ఎముకల్లో ఇంకిన భయం ఒక ఉత్తర్వుతో పోతుందా? 'పరీక్ష చేయించుకుంటే సర్కారుకు తెలుస్తుంది, తెలిస్తే పంపించివేస్తారు' అన్న మాట ఒకరి నుండి ఒకరికి నేటికీ అందుతూనే ఉన్నది. నిజానికి బీదలకు ఈ వ్యాధి చికిత్స ఇప్పించే అక్కడి ప్రభుత్వ పథకం రోగి పౌరుడా కాదా అని చూడదు. ఆ పథకానికి రయాన్ వైట్ అనే బాలుని పేరు పెట్టారు. ఆ బాలుని సంగతికి తర్వాత వస్తాము.

రెండవ భయానికి స్పానిష్‌లో ఒక పేరే ఉన్నది. 'ఎల్ కే దిరాన్' అంటారు. 'వాళ్ళేమంటారో' అని దాని అర్థం. మా అమ్మాయి ఈ మాట చెప్పగానే మాకు నవ్వు వచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. 'లోగ్ క్యా కహేంగే' అంటూనే కదా మన ఇళ్ళలో పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, చివరికి చావులు కూడా జరుగుతున్నవి! 'నలుగురూ ఏమనుకుంటారో' అని తెలుగులో నిట్టూర్చని ఇల్లు ఏదైనా ఉన్నదా? సముద్రాల ఆవల, మనం ఎన్నడూ చూడని జనం, అదే భయానికి అదే వాక్యంతో పేరు పెట్టుకున్నారు.

లాటినో కుటుంబం మన కుటుంబం వంటిదే. తల్లిదండ్రులతో, తాతమ్మలతో, మేనమామలతో కలిసి ఉంటుంది. కష్టం వస్తే అందరూ అడ్డుపడతారు. అమెరికాలో తెల్లవారు వృద్ధులను ఆశ్రమాల్లో చేర్పిస్తున్నప్పుడు వీరు ఇంట్లో పెట్టుకొని చూసుకుంటారు. ఇంత బలమైన గోడ లోపలివారిని కాపాడుతుంది, అందులో సందేహం లేదు. అయితే ఒకరి జబ్బు అందరి పరువు అయిపోయేదీ అక్కడే. చెబితే అమ్మ తట్టుకోలేదు, చెల్లెలి సంబంధం చెడిపోతుంది, నాన్న తలెత్తుకొని తిరగలేడు. కనుక చెప్పడు. మాత్రల సీసాపై చీటీ పీకివేస్తాడు, లేదా విటమిన్ల డబ్బాలో పోసి దాస్తాడు. అతిథులు ఉన్న రోజున మాత్ర వేసుకోవడం మానివేస్తాడు.

ఈ వ్యాధి వారిలో ఎక్కువగా పురుషులతో సంపర్కం గల పురుషులలో కనబడుతున్నది. మగతనం గురించి గట్టి పట్టింపులు గల సమాజంలో హెచ్.ఐ.వి. ఉన్నదని చెప్పడమంటే ఆ సంగతి కూడా చెప్పడమే అని జనం అనుకుంటారు. ఆ కార్యం గురించి ధర్మం ఏమంటుందో పాఠకులకు తెలుసు, మేము చెప్పనక్కరలేదు. కానీ ఆ ఒక్క ఊహ కారణంగా వేరే దారుల్లో రోగం వచ్చినవారు కూడా నోరు విప్పడం లేదన్నది మా అమ్మాయి మాకు పదేపదే చెప్పిన సంగతి. మత్తుమందు సూదులు పంచుకోవడం వల్ల ప్యూర్టో రికో వారిలో ఎందరికో ఇది సోకింది. భర్త తప్ప మరో పురుషుని ఎరుగని ఇల్లాళ్ళకు భర్త వల్లనే సోకింది. మెక్సికో పల్లెల్లో, ఉత్తరాన కూలికి పోయిన మగనికోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే స్త్రీలు ఉంటారు. అతడు డాలర్లతో పాటు ఏమి తెచ్చాడో అడగడం పతివ్రతా ధర్మానికి భంగమని వారు పెరిగారు. అడగనందుకు రోగం, రోగం వచ్చినందుకు నింద, రెండూ వారికే. గల్ఫ్‌కు భర్తలను పంపిన మన కడప, రాయచోటి ఇళ్ళలో ఈ పేరా చదివే సోదరీమణులు ఉంటారని మాకు తెలుసు. ఇంతకు మించి రాయము.

ఇక ధార్మిక పెద్దలు. లాటినోలలో అన్నిటికంటే పెద్ద వర్గం క్యాథలిక్కులు, ఇతర క్రైస్తవ శాఖలవారూ ఉన్నారు. ఏ పనికైనా 'దేవుడు తలిస్తే' అని జోడించే జనం. అక్కడి చర్చీలలో రోగుల పక్కన కూర్చుని వారి చేయి పట్టుకొనేవారూ ఉన్నారు, ఇది పాపానికి పడిన శిక్ష అని వేదిక మీద నుండి చెప్పి వెళ్ళిపోయేవారూ ఉన్నారు. ఈ రెండవ రకం ప్రసంగం ఎలా సాగుతుందో మా అమ్మాయి వివరించబోతే, అవసరం లేదన్నాము. ఆ ప్రసంగం మాకు కంఠస్థం. పాతికేళ్ళ క్రితం జుమా నాడు మేము అటువంటిదే చేశాము. గొంతు బాగా పలికిందని మెచ్చుకున్నవారు కూడా ఉన్నారు.

విచారకరమైనది ఏమిటంటే, ఆ రోజుల్లో ఈ వ్యాధికి మరణమొక్కటే ముగింపు. నేడు కాదు. 1996 నుండి అనేక మందులను కలిపి ఇచ్చే చికిత్స వచ్చింది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక మాత్ర చాలు. మందు క్రమం తప్పకుండా వాడేవారి రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గినవారి నుండి దాంపత్యంలో భాగస్వామికి వ్యాధి సోకదు. దంపతులపై జరిగిన ఒక పెద్ద పరిశోధన 2011లో దీనికి బలమైన ఆధారం చూపింది, 2017లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఈ మాటను బహిరంగంగా అంగీకరించింది. స్పానిష్‌లో దీనిని రెండే మాటల్లో చెబుతారట, 'పరీక్షకు అందనిది అంటుకోదు' అన్న భావంతో. వ్యాధి ఉన్న తల్లి సకాలంలో మందు వాడితే ఆరోగ్యవంతులైన బిడ్డలను కనగలదు. మనిషి ముసలివాడై మనవలను ఎత్తుకోగలడు. కానీ మాత్ర వేసుకోవాలంటే ముందు పరీక్ష చేయించుకోవాలి. పరీక్షకు వెళ్ళాలంటే, అక్కడ పొరుగింటి వాళ్ళు చూస్తారేమో అన్న భయం పోవాలి. వెళ్ళినవారికి కూడా గౌరవం దక్కుతుందన్న నమ్మకం లేదు. 2018, 2020 సంవత్సరాల మధ్య చికిత్సలో ఉన్న లాటినో రోగులను అడిగితే, ఆసుపత్రుల్లోనే తమను చిన్నచూపు చూశారని దాదాపు నలుగురికి ఒకరు చెప్పారు.

ఈ గోడకు రంధ్రం చేస్తున్నవారు 'ప్రొమొతోరా'లనే స్త్రీలు. డాక్టర్లు కారు, నర్సులూ కారు. అదే వాడలో ఉండే గృహిణులు. కొద్దిపాటి శిక్షణ పొంది ఇంటింటికీ వెళతారు. మొదట మధుమేహం గురించి, పిల్లల టీకాల గురించి మాట్లాడతారు. మూడోసారో నాలుగోసారో, వంటింట్లో రొట్టెలు చేస్తూ ఉండగా, అసలు మాట వస్తుంది. మా అమ్మాయికి ఆ ఇళ్ళ తలుపులు తెరిచినది కూడా వారే. ఆమె స్పానిష్ బడిలో నేర్చుకున్నది. తలపై ముసుగు ఉన్న, వేరే మతానికి చెందిన పిల్ల తమ మధ్య ఎందుకు కూర్చున్నదో అని మొదట సందేహించిన ముసలమ్మలు, 'ఓహలా' కథ విన్న తర్వాత ఆమె చేతిలో పిండి ముద్ద పెట్టారట.

ఆ ఇళ్ళలో ఎవరేమి చెప్పారో మేము అడిగాము. ఉపాధ్యాయులకు ఉండే కుతూహలం అనుకోండి. ఆమె చెప్పలేదు. "అవి నా మాటలు కావు బడే అబ్బా, అమానత్" అన్నది. మనుషులను ప్రశ్నించే ప్రతి పరిశోధనకు ముందు విశ్వవిద్యాలయంలో ఒక సంఘం అనుమతి ఇవ్వాలట. అడగబోయే ప్రతి ప్రశ్నను వారు చదువుతారు. మాట్లాడేవారికి మొదట ఒక పత్రం చదివి వినిపించాలి: సమాధానం చెప్పకపోవడం మీ హక్కు, మధ్యలో లేచి వెళ్ళిపోవడం మీ హక్కు, మీ పేరు ఎక్కడా రాయము అని. మనిషికి పేరు బదులు ఒక సంఖ్య ఇస్తారు. పేర్ల పట్టిక వేరే తాళంలో ఉంటుంది. హదీసు ఉల్లేఖకుని నిజాయితీ గురించి మేము ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాము. ఇరవయ్యేళ్ళ పిల్ల దానిని ఆచరిస్తుంటే ఫోనులో విన్నాము.

పరిశోధనలో ఉపయోగించే ప్రశ్నావళి ఒకటి ఆమె పంపింది. 2001లో అమెరికాలో ముగ్గురు విదుషీమణులు దానిని తయారు చేశారు. అందులో 40 వాక్యాలు ఉంటాయి. ఇతరులు తనను ఎలా దూరం పెట్టారు, ఎవరికైనా చెప్పడానికి ఎంత భయం, తనను గురించి తానే ఏమనుకుంటున్నాడు, లోకం ఇటువంటివారిని గురించి ఏమనుకుంటుందని తలుస్తున్నాడు అన్న నాలుగు రకాలుగా రోగి మనసును అవి కొలుస్తాయి. అవమానానికి కూడా కొలబద్ద ఉంటుందని మాకు అప్పటిదాకా తెలియదు.

ఆ కొలబద్ద కొలిచేదానిని ఇంగ్లీషులో 'స్టిగ్మా' అంటారు. దానిని తెలుగులో ఏమనాలని ఆమె అడిగింది. కళంకం అందామా, మచ్చ అందామా, వెలి అందామా? ఏదీ పూర్తిగా అతకలేదు. అరబ్బీలో నేడు 'వస్మ' అంటున్నారు, 'సాద్' అక్షరంతో. అది మరకను, అప్రతిష్ఠను సూచిస్తుంది. 'సీన్' అక్షరంతో రాస్తే మరొక మాట, ఒంటెలకు ఇనుము కాల్చి పెట్టే వాత. ఈ రెండింటినీ మా విద్యార్థులు ఏటా కలిపివేస్తారు, మేము ఏటా దిద్దుతాము. "తప్పేమీ లేదు బడే అబ్బా" అన్నది మా అమ్మాయి. గ్రీకు భాషలో 'స్టిగ్మా' అంటే అసలు అర్థం అదేనట. బానిసలకు, నేరస్థులకు ఒంటిమీద కత్తితో గాని ఇనుముతో గాని పెట్టే గుర్తు. చూడగానే తప్పుకొని పోవాలని. 1963లో ఈ విషయంపై పుస్తకం రాసిన గోఫ్‌మన్ అనే సమాజ శాస్త్రజ్ఞుడు ఇక్కడి నుండే మొదలుపెట్టాడట.

రయాన్ వైట్ సంగతికి వస్తాము. అతడు లాటినో కాడు, ఇండియానా రాష్ట్రపు తెల్లజాతి బాలుడు. పుట్టుకతోనే రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నందున ఎక్కించిన మందు ద్వారా అతనికి హెచ్.ఐ.వి. సోకింది. 1985లో, అతనికి పదమూడేళ్ళు ఉండగా, బడిలోకి రానివ్వలేదు. తల్లి న్యాయస్థానానికి వెళ్ళింది. చివరికి రానిచ్చినప్పుడు కొన్ని ఏర్పాట్లకు ఒప్పుకోవలసి వచ్చింది. మరుగుదొడ్డి వేరు. తిని పారవేసే పళ్ళెం, చెంచా వేరు. 1990 ఏప్రిల్‌లో, పద్దెనిమిదేళ్ళ వయసులో అతడు మరణించాడు. ఆ ఏడాదే అతని పేరిట చట్టం వచ్చింది. నేడు హ్యూస్టన్‌లో కాగితాలు లేని మెక్సికో కూలికి మాత్ర అందుతున్నది ఆ బాలుని పేరు మీదనే. అయినా ఇంట్లో అతని గ్లాసు, పళ్ళెం వేరు చేసేవారు, అతడు స్నానం చేసి వచ్చాక గదిని బ్లీచింగుతో కడిగేవారు లాటినో ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నారని పరిశోధకులు రాస్తూనే ఉన్నారు. ప్రేమ లేక కాదు. అతనికి అన్నం పెట్టేదీ వాళ్ళే.

మా అమ్మాయి ఇది చెప్పి, "ఇటువంటివాళ్ళు ఎవరైనా మీ దగ్గరికి వచ్చారా, బడే అబ్బా? అప్పుడు మీరేమి చేశారు?" అని అడిగింది. రేపు చెబుతానన్నాము. ఆ రేపు పది రోజుల తర్వాత వచ్చింది.

2004లో మేము పనిచేస్తున్న మద్రసాలో ఒక బాలుడు ఉండేవాడు. పదేళ్ళవాడు, హిఫ్జ్ తరగతి, మూడు పారాలు పూర్తి చేశాడు. తండ్రి లారీ డ్రైవరు, అంతకు రెండేళ్ళ ముందే చనిపోయాడు. నానమ్మ తెచ్చి చేర్పించింది. ఆ ఏడు తల్లి కూడా చనిపోయింది. ఎందువల్ల చనిపోయిందో మరొక విద్యార్థి బంధువు మోసుకొచ్చాడు. మన రాష్ట్రంలో ఈ వ్యాధి తీవ్రంగా ఉన్న కాలం అది. అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రభుత్వం దేశంలోని కొన్ని ఆసుపత్రులలో ఉచితంగా మందులు ఇవ్వడం మొదలుపెట్టింది, కానీ మాకు ఆ సంగతి తెలియదు. వారం తిరగకుండా నలుగురు తండ్రులు వచ్చి, ఆ పిల్లవాడు ఉంటే మా పిల్లలను తీసుకుపోతామన్నారు. పెద్దలు నిర్ణయం మాకు వదిలారు. వసతి బాధ్యత మాదే.

అర మైలు దూరంలో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. వెళ్ళి ఒక డాక్టరును అడిగితే, కలిసి తింటే, కలిసి పడుకుంటే, చేయి కలిపితే ఇది సోకదని చెప్పి ఉండేవాడు. వెళ్ళలేదు. బాలునికి ఆ వ్యాధి ఉన్నదో లేదో కూడా కనుక్కోలేదు. మా మద్రసాలో నలుగురేసి పిల్లలు ఒక పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని తింటారు. అతనికి ఒక చిన్న స్టీలు పళ్ళెం, గ్లాసు ఇప్పించాము. నీకు దగ్గు ఉన్నది కదా, తగ్గే వరకు అన్నాము. దగ్గు ఉన్నది నిజమే. కడిగేటప్పుడు మిగతావాటిలో కలవకుండా వంటమనిషి ఆ పళ్ళెం అంచుమీద మేకుతో రెండు గీతలు గీశాడు. దస్తర్‌ఖాన్ చివర, తలుపు దగ్గర అతని చోటు. ఎవరూ అతనిని తిట్టలేదు, కొట్టలేదు. అన్నం అందరికంటే ముందు అతనికే వడ్డించమని చెప్పాము. మా దృష్టిలో అది దయ.

నాలుగవ పారా ముందుకు సాగలేదు. చదివినది కూడా మరచిపోసాగాడు. ఐదు వారాల తర్వాత నానమ్మ వచ్చి తీసుకుపోయింది. ఎందుకని ఆమె అడగలేదు, మేము చెప్పలేదు. వెళ్ళేముందు అతడు పళ్ళెం కడిగి వంటగది గూటిలో బోర్లించి వెళ్ళాడు. ఆ నలుగురు తండ్రులు సంతోషించారు. మాకు కూడా బరువు దిగినట్లయింది. ఈ మాట దాచి మిగతాది రాయడం సరికాదు.

ఆ సంవత్సరం మేము పై తరగతికి మిష్కాత్ చెబుతున్నాము. అంటువ్యాధుల గురించిన హదీసుల వద్ద మూడు రోజులు ఆగాము. కుష్ఠురోగికి దూరంగా ఉండమన్న ఉల్లేఖనం ఒకవైపు, దైవప్రవక్త (సఅసం) అటువంటి రోగి చేయి పట్టుకొని తన పాత్రలోనే భోజనానికి కూర్చోబెట్టుకున్నారన్న ఉల్లేఖనం మరొకవైపు. ఈ రెండవదాని ఉల్లేఖకుల పరంపరపై పండితులు అభ్యంతరాలు చెప్పారు. వాటిని విడమరచి, రెండింటినీ ఎలా సమన్వయించారో పలకల మీద రాయించాము. పాఠం ముగిసి అన్నానికి గంట కొట్టేవారు. అందరం వెళ్ళి తినేవారము. తలుపు దగ్గర అతడు కూర్చుని ఉండేవాడు.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాము, ఈసారి స్పీకరు ఆపకుండానే. ఆమె ఓదార్చలేదు. కొంతసేపు ఉండి, "అతనికి ఆ జబ్బు ఉండిందా?" అని అడిగింది. తెలియదన్నాము. "ఇప్పుడు కూడా అడగకండి. కావాలంటే అతనే చెబుతాడు" అన్నది. తర్వాత, తన పరిశోధన ఫలితాలను ఒక పెద్ద కాగితం మీద అచ్చువేసి విశ్వవిద్యాలయంలో గోడకు తగిలించి, వచ్చినవారికి నిలబడి వివరించాలని, దానికి ఏ బట్టలు వేసుకోవాలో తెలియడం లేదని చెప్పి, మా ఇంటావిడను పిలవమన్నది. వారిద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. బట్టల గురించే కాదని మాకు వంటింటి నుండి వినబడుతూనే ఉన్నది.

షవ్వాల్‌లో మేము ఆ బాలుని ఊరికి వెళ్ళాము. నానమ్మ చనిపోయి చాలా కాలమైందట. మేనమామ ఫోను నంబరు ఇచ్చాడు. రెండు రోజులు జేబులో పెట్టుకొని తిరిగి, మూడవ రోజు అసర్ తర్వాత చేశాము. పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. "హజ్రత్, ఖానా హువా?" అని అడిగాడు. అయిందన్నాము, నిజానికి ఆ రోజు తినలేదు. ముప్పై దాటాయి, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, సొంతంగా ఏదో చిన్న వ్యాపారం. ఆరోగ్యం సంగతి మేము అడగలేదు, అతడు చెప్పలేదు. పళ్ళెం సంగతి మేమే ఎత్తాము. క్షమాపణ కోరాము. అతడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, పిల్లలు పిలుస్తున్నారు, మళ్ళీ చేస్తానన్నాడు.

చేశాడు, పదిహేను రోజుల తర్వాత. ఇది పత్రికకు రాయాలనుకుంటున్నామని, అనుమతి లేనిదే రాయమని చెప్పాము. పేరు, ఊరు వద్దన్నాడు. మిగతాది రాసింది చదివి వినిపించమన్నాడు. వినిపించాము. ఒకచోట ఆపి, పళ్ళెం మీద గీతలు రెండు కాదు హజ్రత్, మూడు అన్నాడు.